జపమాల: పూస పుట్టుక నుంచి మేరువు ముడి దాకా

తాతయ్య జపమాల నా చేతిలోనే తెగింది. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. కార్తీక సోమవారం కదా, ఒకసారి తుడిచి పెడదామని దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ మూట తీశాను. విప్పి పైకెత్తేసరికి దారం పుటుక్కుమంది. పూసలన్నీ గచ్చు మీద టపటపా రాలాయి. మంచం కింద, బీరువా వెనకాల, గడప సందులో వెతికి ఏరితే మేరువు, అంటే మాల రెండు కొసలూ కలిసే చోట ఉండే పెద్ద పూస, అది కాక 108కి 107 దొరికాయి. ఆ ఒక్కటీ ఈనాటికీ దొరకలేదు.

ఆ రాత్రి పళ్లెంలో పోసుకుని ఒక్కో పూసా చూస్తూ కూర్చున్నాను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినదాన్ని. ఎన్ని కాయలు, ఎన్ని గింజలు కోసి పిల్లలకు చూపించానో లెక్కలేదు. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్న రుద్రాక్షను మాత్రం ఏనాడూ అలా చూడలేదు. గీతల్లో విభూతీ, తాతయ్య వేలి జిడ్డూ కలిసి నల్లటి మైనంలా పట్టేశాయి. కొత్త రుద్రాక్షకు ఉండే గరుకుతనం ఎక్కడా లేదు. ముళ్లన్నీ అరిగిపోయి చింతపిక్కంత నునుపు వచ్చింది.

దాన్ని నేనే మళ్లీ గుచ్చాను. మొదటిసారి మూడు రోజులు పట్టింది, రెండుసార్లు విప్పాను. తర్వాత చుట్టాలకు, వీధిలో వాళ్లకు, పాత స్టూడెంట్లకు చాలా మాలలే గుచ్చి ఇచ్చాను. అందరూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ఏ పూస కొనాలి, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, ఎలా గుచ్చాలి, ఎలా తిప్పాలి. నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. మీకు మంత్రోపదేశం ఇచ్చిన గురువుగారు ఉంటే ఆయన చెప్పిన పద్ధతే మీకు ప్రమాణం. సంప్రదాయాన్ని బట్టి చిన్న చిన్న తేడాలు ఉంటాయి.

రుద్రాక్ష

అందరూ రుద్రాక్ష గింజ అంటారు గానీ అది టెంక. మామిడిపండులో గుజ్జు, లోపల టెంక, టెంకలో జీడి ఉన్నట్టే రుద్రాక్ష పండులోనూ పైన పల్చటి గుజ్జు, లోపల ఈ గరుకు టెంక, టెంక లోపల చిన్న చిన్న గదుల్లో అసలు విత్తనాలు ఉంటాయి. చెట్టు శాస్త్రీయ నామం ఎలియోకార్పస్ గానిట్రస్. ఇప్పుడు ఎలియోకార్పస్ అంగుస్టిఫోలియస్ అని కూడా రాస్తున్నారు. నేపాల్ తూర్పు కొండల్లో అరుణ్ నది లోయ చుట్టుపక్కల, హిమాలయాల పాదాల దగ్గర, మన ఈశాన్య రాష్ట్రాల్లో, ఇండోనేషియాలోని జావా, సుమత్రా దీవుల్లో పెరుగుతుంది. నేపాల్ పూస పెద్దది, ఉసిరికాయంతవి కూడా ఉంటాయి. జావా పూస చిన్నది, చాలావరకు బఠానీ గింజంత. దుకాణాల్లో దొరికే 108 పూసల జపమాలలు ఎక్కువగా జావా పూసలతో చేసినవే. చిన్నది కాబట్టి తక్కువది అనుకోకండి. వేళ్ల మధ్య తిరగడానికి అదే హాయిగా ఉంటుంది.

రుద్రాక్ష పండును చెట్టు కింద మొదటిసారి చూసిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్తే ఒక ఆశ్రమం తోటలో పెద్ద చెట్టు కనిపించింది. రాలబోయే ఆకులు ఎర్రగా మారి పచ్చటి ఆకుల మధ్య అక్కడక్కడా మెరుస్తున్నాయి. కింద గోళీకాయల్లా నీలం పండ్లు. అంత చిక్కటి నీలం పండ్లలో చాలా అరుదు. అడిగి నాలుగు తెచ్చుకున్నాను. తొక్క నలిపి చూస్తే వేళ్లకు నీలం రంగు అంటనే లేదు. ఎందుకంటే ఆ తొక్కలో నీలం రంగు పదార్థం లేదు. తొక్క కణాల్లో ఉండే సన్నని పొరల అమరిక వల్ల వెలుతురులోని నీలం మాత్రమే తిరిగి మన కంటికి వస్తుంది. నెమలి ఈకలో నీలం కూడా ఇలాంటిదే. దీన్ని డేవిడ్ లీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1991లో నేచర్ పత్రికలో వివరించాడు. ఇదంతా ఇంటికొచ్చి అమ్మమ్మకు చెబితే ఆవిడ పండును అరచేతిలో పెట్టుకుని, "నీలకంఠుడి కన్నీళ్లు నీలంగా కాక ఇంకెలా ఉంటాయే" అంది. నాకు రెండు మాటలూ నిజంగానే అనిపించాయి, ఇప్పటికీ అనిపిస్తాయి.

పండ్లను వారం రోజులు నీళ్లలో నాననిచ్చి, కుళ్లిన గుజ్జును పాత టూత్‌బ్రష్‌తో తోమితే లోపలి నుంచి రుద్రాక్ష బయటపడింది. అప్పుడు లేత గోధుమ రంగులో ఉంటుంది. మనం చూసే ముదురు రంగు నూనె వల్ల, చేతి వాడకం వల్ల, కొన్నిసార్లు దుకాణంవాళ్లు వేసే రంగు వల్ల వస్తుంది.

రుద్ర, అక్ష రెండూ కలిస్తే రుద్రాక్ష, అంటే రుద్రుడి కన్ను. త్రిపుర సంహారం కోసం కళ్లు మూసుకున్నప్పుడు తన కంటి నుంచి నీటి బొట్లు రాలాయని, అవే రుద్రాక్షలయ్యాయని కాలాగ్నిరుద్రుడు చెప్పినట్టు రుద్రాక్షజాబాలోపనిషత్తులో ఉంది. లోకాన్ని చూసి కరిగిన కంటి నీరు నేల మీద పడి చెట్టయింది. ఆ చెట్టు టెంకను పట్టుకుని మనం దేవుడి పేరు తలుచుకుంటున్నాం. జపానికి కూర్చునే ముందు ఒక్క క్షణం ఈ సంగతి గుర్తు చేసుకుంటే చేతిలో పూస బరువే మారినట్టుంటుంది.

ముఖాలు అంటే పై బెజ్జం దగ్గర మొదలై కింది బెజ్జం దాకా దిగే గీతలు. పువ్వు అండాశయంలో ఎన్ని గదులుంటే టెంక మీద అన్ని గీతలు. ఈ చెట్టుకు సహజంగా ఐదు గదులే ఎక్కువ. అందుకే పంచముఖి ఎక్కడైనా దొరుకుతుంది, ధర కూడా తక్కువ. ధర తక్కువని దాన్ని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంటుంది. పంచముఖి సాక్షాత్తు కాలాగ్ని రుద్రుడని శివపురాణమే చెబుతోంది. జపమాలకు పంచముఖి పూర్తిగా సరిపోతుంది. ఏకముఖి కోసం, పద్నాలుగు ముఖాల కోసం అప్పులు చేయకండి.

మోసాలన్నీ ఆ అరుదైన వాటి దగ్గరే జరుగుతాయి. మా వియ్యపురాలు ఒక పుణ్యక్షేత్రంలో ఏకముఖి అని చెబితే నమ్మి చాలా డబ్బు పెట్టి కొన్నారు. నా దగ్గరికి తెచ్చి "చూడండి వదినగారూ, ఎంత కళగా ఉందో" అని మురిసిపోయారు. భూతద్దం కింద పెడితే నాలుగు గీతల్లో ఏదో గట్టి పదార్థం కూరి, పైన రంగు పూసినట్టుంది. ఆవిడ ఒప్పుకున్నాకే వేడినీళ్లలో వేశాను. పావుగంటకు జిగురు మెత్తబడి తెల్లగా ఊడి వచ్చింది. కింద మామూలు పంచముఖి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూసను పారేయలేదు, శుభ్రం చేసి మేరువుగా పెట్టి ఒక మాల గుచ్చి ఇచ్చాను. రోజూ దానితోనే జపం చేస్తున్నారు.

నీళ్లలో మునిగితే అసలుది, తేలితే నకిలీది అంటారు. ఈ పరీక్షను నమ్మొద్దు. బాగా ఎండిన అసలు పూస తేలవచ్చు, బరువు నింపిన నకిలీది మునగవచ్చు. రెండు రాగి నాణేల మధ్య పెడితే తిరుగుతుందనేదీ అంతే. గుండ్రటి, గరుకు వస్తువు ఏదైనా వేళ్ల ఒత్తిడికి కాస్త తిరుగుతుంది. భూతద్దంతో చూడండి. గీత ఒక బెజ్జం నుంచి మరో బెజ్జం దాకా తెగకుండా వెళ్లాలి, లోతు ఒకే తీరుగా కాక సహజంగా ఎగుడుదిగుడుగా ఉండాలి. ఏ రెండు పూసలూ అచ్చు ఒకేలా ఉండకూడదు. ఉన్నాయంటే అచ్చులో పోసినవే. ఖరీదైన పూస అయితే ఎక్స్‌రే తీయిస్తే లోపల గదులు లెక్కపెట్టవచ్చు.

తులసి, స్ఫటికం, తామర

విష్ణు నామానికి, రామ, కృష్ణ మంత్రాలకు తులసి మాల. తులసి పూస గింజ కాదు, కాండం నుంచి తీసిన చెక్క. బృందావనంలో దీన్ని వృత్తిగా చేసేవాళ్లున్నారు. ఇంట్లో కూడా చేసుకోవచ్చు. ఒక నియమం మాత్రం మరిచిపోవద్దు. పచ్చని మొక్కను పూసల కోసం నరకకూడదు. మొక్క దాని వయసు తీరి ఎండిపోయినప్పుడు తీసుకోవాలి. మా కోటలో నాలుగేళ్లున్న కృష్ణ తులసి ఒక ఎండాకాలంలో ఎండిపోయింది. దణ్ణం పెట్టుకుని మొదలు దాకా కోసి నీడలో నెల రోజులు ఆరబెట్టాను. తులసి లేత కాండం పలకలుగా ఉంటుంది, ముదిరిన చోట గుండ్రంగా గట్టిపడుతుంది. ఆ ముదురు భాగాన్ని చిన్న రంపపు బ్లేడుతో చిటికెన వేలి గోరంత ముక్కలు కోసి, గరుకు కాగితంతో రుద్దాను. కాండం మధ్యలో మెత్తటి బెండు ఉంటుంది కాబట్టి కాల్చిన దబ్బనంతోనే బెజ్జం పడింది. అలా 27 పూసలు వచ్చాయి. గది నిండా ఆ వాసన రెండు రోజులు పోలేదు. కొనే తులసి మాలల్లో వేరే చెక్క కలపడం మామూలే. నమ్మకమైన చోట కొనడం తప్ప దీనికి సులువైన పరీక్ష లేదు. కార్తీకం వస్తే మన ఊళ్లలో అయ్యప్ప స్వాములు వేసుకునే మాలల్లో కూడా తులసి, రుద్రాక్షలే ఎక్కువ. ఆఖరి నిమిషంలో పరుగెత్తకుండా 41 రోజుల దీక్షకు పది రోజుల ముందే కొని దారం గట్టిదో కాదో చూసుకోండి.

అమ్మవారి జపానికి చాలామంది స్ఫటికం తీసుకుంటారు. సరస్వతీదేవి చేతిలో ఉన్నది స్ఫటిక అక్షమాలే, అంటే జపమాలే. స్ఫటికం అంటే క్వార్ట్జ్, ఇసుకలో ఉండే సిలికాయే. భూమి లోపల వేడినీటిలో కరిగిన సిలికా నెమ్మదిగా చల్లారుతూ పేరుకుని తేట రాయిగా గడ్డకడుతుంది. గాజు పూసలను స్ఫటికం అని అమ్ముతారు కాబట్టి జాగ్రత్త. వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది గాజు. స్ఫటికం చెంపకు ఆనిస్తే చల్లగా తగిలి, ఆ చలువ కాసేపు నిలుస్తుంది. మోస్ కొలమానం మీద స్ఫటికం గట్టిదనం 7, మామూలు గాజుది దాదాపు 5.5. అందుకే స్ఫటికం గాజును గీస్తుంది. 8 మిల్లీమీటర్ల పూసలు 108 గుచ్చితే బరువు 70 గ్రాములకు పైనే ఉంటుంది, వయసు మీద పడ్డవాళ్ల మణికట్టుకు అది ఎక్కువే. పైగా బెజ్జం అంచులు పదునుగా ఉండి దారాన్ని కోసేస్తాయి. ఏడాదికోసారి దారం మార్చాల్సిందే.

లక్ష్మీ మంత్రాలకు తామర పూసలు. తామర గింజ తొక్క ఎంత గట్టిదంటే, చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల నాటి గింజ కూడా మొలకెత్తింది. ఈ పూసల దండనే పాత తెలుగులో తావళం అనేవారు. ఎర్రచందనం మాల తీసుకుంటే అనుమతి కాగితాలున్న దుకాణంలోనే కొనండి. ఆ చెట్టు మన శేషాచలం, నల్లమల అడవుల సొత్తు, దొంగచాటుగా నరికిన దుంగలోంచి వచ్చిన పూస మన జపంలోకి రాకూడదు.

ఒక హెచ్చరిక. గురివింద గింజలు అందంగా ఉన్నాయని ఇంట్లో మాల గుచ్చబోకండి. వాటి శాస్త్రీయ నామం ఏబ్రస్ ప్రికటోరియస్‌లో రెండో మాటకు ప్రార్థనకు సంబంధించినది అని అర్థం, ఒకప్పుడు జపమాలల్లో వాడినందుకే ఆ పేరు. కానీ లోపల ఏబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. తొక్క పగలనంతవరకు ప్రమాదం తక్కువ. బెజ్జం వేశారంటే తొక్క పగిలినట్టే. పసిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

అక్షమాల, 108

అక్షమాలికోపనిషత్తు అని చిన్న ఉపనిషత్తు ఉంది. అందులో ప్రజాపతి గుహుణ్ణి, అంటే మన సుబ్రహ్మణ్యస్వామిని, జపమాల లక్షణాలు అడుగుతాడు. పగడం, ముత్యం, స్ఫటికం, శంఖం, వెండి, బంగారం, చందనం, పుత్రజీవి (ఒక చెట్టు గింజ), తామర, రుద్రాక్ష అని పూసల రకాలు అక్కడే వస్తాయి. అకారం నుంచి క్షకారం దాకా ఉన్న అక్షరాలను ఒక్కో పూసలో భావించాలని చెబుతుంది. అ నుంచి క్ష దాకా కాబట్టి అక్షమాల. తెలుగు బడిలో పలక మీద దిద్దిన వర్ణమాలే చేతిలో పూసల మాలయింది. నాకు ఈ అర్థం చాలా ఇష్టం. మంత్రం ఏదైనా ఆ అక్షరాల్లోంచి రావలసిందే కదా.

108కి లెక్కలు చాలా చెబుతారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు. 12 రాశులు, 9 గ్రహాలు. రోజుకు 21,600 శ్వాసలని శాస్త్రం, అందులో పగటి సగం 10,800, దానిలో నూరో వంతు 108. తాతయ్య చెప్పింది ఇంకా తేలిక: "నూరు దేవుడికి, ఎనిమిది మన తప్పులకు." 54, 27 పూసల మాలలు కూడా శాస్త్రసమ్మతమే, రెండుసార్లు లేదా నాలుగుసార్లు తిప్పితే సరి.

గుచ్చడం

109 పూసలు కావాలి, అందులో ఒకటి కాస్త పెద్దది, మేరువు. ముందు పూసలన్నీ గోరువెచ్చని నీళ్లలో వేసి బ్రష్‌తో తోమి నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. సబ్బు వద్దు. బెజ్జాల్లో పొట్టు ఉంటే సన్నటి తీగతో తీసేయండి. పగుళ్లు ఉన్నవి, పురుగు తిన్నవి పక్కన పెట్టేయండి.

దారం నూలుది లేదా పట్టుది. పాత పద్ధతిలో మూడు పోగులు పేని, అలాంటివి మూడు మళ్లీ కలిపి పేనుతారు, మొత్తం తొమ్మిది పోగులు. అంత ఓపిక లేకపోతే ఒక మిల్లీమీటరు మందం ఉన్న గట్టి నూలు దారం కొనండి. నైలాన్ తెగదు నిజమే, కానీ ముడి జారుతుంది, వేలికి గుచ్చుకున్నట్టుంటుంది. 8 మిల్లీమీటర్ల పూసలకు, ప్రతి రెండింటి మధ్యా ముడి వేయడానికి, మూడున్నర మీటర్ల దారం తీసుకోండి. నేను మొదటిసారి రెండు మీటర్లే తీసుకుని 70వ పూస దగ్గర ఆగిపోయాను. దారం కొసను మైనంలో ముంచి నలిపితే సూది లేకుండానే బెజ్జంలోకి దూరుతుంది.

రుద్రాక్షకు ముఖం (ఇక్కడ గీత కాదు, తల వైపు), పుచ్ఛం (తోక వైపు) ఉంటాయి. ఉబ్బెత్తుగా ఉండే వైపు ముఖం, కాస్త నొక్కుకుపోయినట్టుండే వైపు పుచ్ఛం. ముఖానికి ముఖం, పుచ్ఛానికి పుచ్ఛం ఎదురెదురుగా వచ్చేలా గుచ్చాలని నియమం. పళ్లెంలో ముందే వరసగా పేర్చుకుంటే తప్పు జరగదు.

మొదట ఒక జానెడు దారం వదిలి ముడి వేయండి. పూస ఎక్కించండి. ఇప్పుడు దారాన్ని వదులుగా ఉచ్చులా చుట్టి, ఆ ఉచ్చులోకి సూది మొన దూర్చి, సూదితోనే ఉచ్చును పూస దగ్గరికి జరపండి. ముడి పూసను తాకబోతుండగా దారం లాగి, చివరి క్షణంలో సూది తీసేయాలి. ఈ ఒక్క పని చేతికి అలవాటయ్యేదాకా పాత పూసల మీద పది ముడులు వేసి చూడండి. ముడి మరీ బిగించి పూసకు అంటించేస్తే మాల కర్రలా బిగుసుకుపోతుంది. మరీ వదిలేస్తే పూసలు జారి లెక్క తప్పుతుంది. వెంట్రుకంత సందు ఉండాలి. బెజ్జం పెద్దదై ముడి లోపలికి జారిపోతుంటే అదే చోట రెండో ముడి వేయండి.

ముడులెందుకు అని చాలామంది అడుగుతారు. మాల తెగినా ఒక్క పూసే రాలుతుంది. పూసలు ఒకదానికొకటి రాసుకుని అరిగిపోవు. ఇవి అందరూ చెప్పేవే. నేను గమనించింది ఇంకొకటి. జపంలో మనసు ఎటో పోతుంది, రేపటి పాలవాడి దగ్గరికో, పిల్లల ఫోన్ దగ్గరికో. అప్పుడు బొటనవేలికి ముడి తగులుతుంది. ఆ చిన్న తాకిడికి మనసు ఉలిక్కిపడి వెనక్కి వస్తుంది. ఒక్క మాలలో 108 సార్లు పిలుస్తుంది ఆ ముడి. అందుకే ముడులు లేని మాలలు నేను గుచ్చి ఇవ్వను.

108 అయ్యాక రెండు కొసలూ కలిపి మేరువు బెజ్జంలోంచి పైకి తీసి, గట్టిగా ముడేసి, మిగిలిన దారంతో కుచ్చు కట్టండి. మేరువు బెజ్జం రెండు దారాలు పట్టేంత ఉందో లేదో మొదట్లోనే చూసుకోండి, చివర్లో చూసుకుని ఏడ్చినంత పని అయింది నాకు ఒకసారి. గుచ్చుతున్నంతసేపూ నామం అనుకుంటూ ఉండండి. టీవీ కట్టేయండి.

తాతయ్యకు చివరి రెండేళ్లు చూపు లేదు. అయినా జపం మధ్యలో ఆపి, "ముక్కు విరిగిన పూస వచ్చింది, ముప్పై అయ్యాయి" అనేవారు. తెగిన పూసల్లో ఒక అంచు విరిగినది నాకు కనిపించింది. దాన్ని లెక్కపెట్టి సరిగ్గా 30వ చోటే గుచ్చాను.

మొదలుపెట్టడం, తిప్పడం

కొత్త మాలను మంచిరోజు చూసుకుని, శివుడిదైతే సోమవారమో శివరాత్రో, నీళ్లతో పాలతో కడిగి, తుడిచి, గంధం పెట్టి, ఇష్టదైవం పాదాల దగ్గర ఉంచి, మీ మంత్రంతో మొదటి మాల జపించండి. ప్రాణప్రతిష్ఠ శాస్త్రోక్తంగా కావాలనుకుంటే మీ పురోహితులను అడగండి. జపం చేసే మాల వేరు, మెడలో వేసుకునేది వేరుగా ఉంచడం మంచిది.

మాల కుడిచేతిలో, గుండెకు దగ్గరగా. నడిమి వేలి మీద వేలాడదీసి, బొటనవేలితో ఒక్కో పూసను మీ వైపు లాక్కోవాలి. చూపుడు వేలు తగలకూడదు. ఎదుటివాణ్ణి చూపించే వేలు అది, నేను నువ్వు అనే భేదం దానిదే అంటారు. మాల నేలకు తగలకుండా గోముఖిలో, అంటే ఆవు మూతి ఆకారంలో కుట్టిన సంచిలో, చెయ్యి పెట్టి తిప్పుకోవచ్చు. గోముఖి లేకపోతే శుభ్రమైన కండువా కప్పుకోండి.

మేరువు పక్క పూసతో మొదలుపెట్టి 108 అయ్యాక మేరువు తగులుతుంది. దాన్ని దాటకూడదు. అక్కడ ఆగి కళ్లకద్దుకుని, మాలను వెనక్కి తిప్పి, ఇప్పుడు ముగించిన పూసతోనే రెండో మాల మొదలుపెట్టాలి. ఒంటి చేత్తో తిప్పడం మొదట్లో రాదు. బొటనవేలితో చివరి పూసను పట్టుకుని, నడిమి వేలిని బయటకు తీసి అవతలి వైపు నుంచి మళ్లీ దూర్చండి. వారం రోజుల్లో చూడకుండానే వస్తుంది. మాలలు ఎన్ని అయ్యాయో లెక్కకు పది చింతపిక్కలు పెట్టుకుని, మాలకొకటి చొప్పున ఎడమ పక్కకు జరపండి.

పైకి వినిపించేలా చేసేది వాచికం, పెదవులు మాత్రమే కదిలేది ఉపాంశువు, మనసులోనే చేసేది మానసం. విధియజ్ఞం (శాస్త్రవిధితో చేసే యజ్ఞం) కంటే జపయజ్ఞం పది రెట్లు, ఉపాంశువు నూరు రెట్లు, మానసం వెయ్యి రెట్లు గొప్పదని మనుస్మృతి అంటుంది. యజ్ఞాల్లో జపయజ్ఞాన్ని నేనే అని గీత పదో అధ్యాయంలో భగవంతుడు అంటాడు. అయినా కొత్తవాళ్లు వాచికంతోనే మొదలుపెట్టమని నేను చెబుతాను. మానసం అని కూర్చుంటే నిద్ర వస్తుంది. నా లెక్కన పంచాక్షరి ఒక మాల నాలుగైదు నిమిషాలు, గాయత్రి అయితే ఇరవై నిమిషాల దాకా పడుతుంది. రోజుకు ఒక్క మాల చాలు, కానీ ఒకే వేళకు, ఒకే చోట.

ప్రయాణంలో మాల లేకపోతే టెన్షన్ వద్దు. కరమాల ఉంది. కుడిచేతి ఉంగరం వేలి నడిమి కణుపుతో మొదలుపెట్టి, దాని కింది కణుపు, చిటికెన వేలి కింది, నడిమి, పై కణుపులు, ఉంగరం వేలి పై కణుపు, నడిమి వేలి పై కణుపు, చూపుడు వేలి పై, నడిమి, కింది కణుపులు. పది అయ్యాయి. నడిమి వేలి మిగిలిన రెండు కణుపులే మేరువు, వాటిని తాకం.

రుద్రాక్ష వేసుకుంటే బీపీ పోతుంది, షుగర్ పోతుంది అని అమ్మేవాళ్ల మాట విని మందులు ఆపిన వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మాల జపానికి, మాత్ర జబ్బుకు.

చూసుకోవడం

ఆరు నెలలకోసారి రుద్రాక్షకు నువ్వుల నూనె పట్టించండి. మెత్తటి బ్రష్‌తో గీతల్లోకి చేరేలా పల్చగా రాసి, రాత్రంతా వదిలి, పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచేయాలి. లేకపోతే ఎండాకాలంలో పగులుతుంది. తులసికి కూడా అంతే, ఇంకా పల్చగా. స్ఫటికానికి నూనె వద్దు, మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలు. తడి మాలను గోముఖిలో పెట్టి మరిచిపోతే దారం కుళ్లుతుంది. దారం రంగు మారి, ముడుల దగ్గర నూగులా లేస్తోందంటే తెగేదాకా ఆగకుండా మార్చేయండి. పాత దారాన్ని మొక్క మొదట్లో మట్టిలో కలిపేయండి.

ఇంకొక మాట. పూసలు కొనేటప్పుడు 109 కాకుండా 112 కొనండి. ఒకే చోట, ఒకేసారి కొన్న పూసలే పరిమాణంలో, రంగులో కలుస్తాయి. మిగిలిన మూడింటినీ చిన్న డబ్బాలో వేసి, మాల ఉండే చోటే పెట్టండి. తాతయ్య అలా దాచలేదు. అందుకే ఆయన మాలలో 71వ చోట కొత్త పూస ఉంది. కాశీ నుంచి తెప్పించాను. ఎన్నేళ్లు తిప్పినా, ఎంత నూనె పట్టించినా, మిగతా వాటికంటే ఇంకా కాస్త లేత రంగే. వేలికి మాత్రం ముళ్లు తగలడం తగ్గింది.